బీడీలు చేయని మా అవ్వ

మా అవ్వ ముప్పై ఒక్క సంవత్సరాలు జైల్లో ఉంది.

ఈ వాక్యం చదవగానే మీకేమనిపించిందో నాకు తెలుసు. రెండో తరగతిలో మా టీచర్‌కూ అదే అనిపించింది. ఆవిడ ఆ రోజే కొత్తగా వచ్చింది. పిల్లల్ని ఒక్కొక్కరిగా లేపి పేరు, ఇల్లు, ఇంట్లో వాళ్లేం చేస్తారు అని అడుగుతోంది. నా వంతు వచ్చింది.

"మీ అవ్వ ఏం చేస్తది బిడ్డా?"

"జైల్ల ఉంటది టీచర్."

టీచర్ కుర్చీలోంచి లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

"ఎప్పటిసంది ఉంటున్నది?"

"నేను చిన్నగున్నప్పటిసంది."

"మరి నీకు అన్నం ఎవలు పెడ్తరు?"

"మేముండే ఇంటి రుక్మాబాయి పెడ్తది."

టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నం తన డబ్బాలో ఉన్న కోడిగుడ్డు నా పళ్లెంలో పెట్టింది. ఎందుకు పెట్టిందో తెలియకపోయినా గుడ్డు మాత్రం తిన్నాను. బడి వదిలే వేళకి నా పక్కన కూర్చునే పిల్ల వేరే బెంచీకి వెళ్లిపోయింది. పోతూ పోతూ, మీ అవ్వ ఎవల్ని సంపింది అని అడిగింది.

మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ పేరు గోదావరి. నిజామాబాద్ జైల్లో ఆడవాళ్ల బ్యారక్‌కు వార్డర్. ఖాకీ చీర, నడుముకు వెడల్పాటి బెల్టు, చేతిలో తాళాల గుత్తి. ఆ సాయంత్రం నేను ఏడుస్తూ విషయం చెబితే పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ గడప మీద కూలబడింది.

"అబద్ధం ఏం చెప్పినవే? వాళ్లన్న శిక్ష తీరితే ఇంటికి పోతరు. నేను ముసల్దాన్నయ్యేదాక గాడనే ఉండాలె."

మర్నాడు డ్యూటీకి వెళ్లే ముందు సంగతి తేల్చేద్దామని ఖాకీలోనే బడికి వచ్చింది. టీచర్ నొచ్చుకుని రెండు చేతులూ పట్టుకుని క్షమించమంది. అవ్వకు అక్కడితో సంగతి అయిపోయింది. నాకు మాత్రం అప్పుడే మొదలైంది. అప్పటిదాకా నేను ఖైదీ కూతుర్ని, జాలి చూపించేవాళ్లు. ఇప్పుడు నాతో జగడం పెట్టుకుంటే పట్టుకపోయి లోపలేస్తారని పిల్లలు ఆటకే పిలవడం మానేశారు. ఇంటికి వచ్చి కాళ్లు నేలకేసి కొట్టి చెప్పాను, గా బట్టలేసుకొని మా బడికి ఇంకెప్పుడు రావొద్దు అని. దొంగల్ని, హంతకుల్ని లెక్కచేయని మనిషి ఏడేళ్ల పిల్ల మాటకు సరేనంది. ఆ తర్వాత ఇంటి నుంచి మామూలు చీరలో వెళ్లి, ఖాకీని సంచిలో పట్టుకుపోయి, జైల్లోనే కట్టుకునేది. ఉద్యోగమున్నన్నాళ్లూ అలాగే చేసింది.

అవ్వది బోధన్ దగ్గర చెరుకు ఊరు. చిన్నప్పుడు ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనుక ఉరికి గడలు గుంజుకోవడంలో ఆమెను మించినవాళ్లు లేరట. మా బాపు ఆ ఫ్యాక్టరీలోనే సీజన్ పని చేసేవాడు. నాకు మూడేళ్లప్పుడు ఫ్యాక్టరీలో చెరుకు గానుగ ఆగిపోగానే పని వెతుక్కుంటానని నాందేడ్ వైపు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అవ్వ వెతుక్కుంటూ పోలేదు. పదో తరగతి సర్టిఫికెట్ పెట్టెలోంచి తీసి దుమ్ము దులిపింది. జైలు వార్డర్ల సెలక్షన్‌లో పరుగు ఉంటుందంటే చెప్పులు విప్పి చేత పట్టుకుని ఉరికిందట. ఎట్ల ఉరికినవని అడిగితే, "ముందల చెరుకు ట్రాక్టర్ పోతున్నదనుకున్న" అనేది. బాపు గురించి అడిగితే మాత్రం ఒకటే మాట: "ఉన్నోళ్ల ముచ్చట చెప్పు."

ఆమె జైలు ముచ్చట్లు చెప్పేది, కానీ పేర్లు చెప్పేది కాదు. అందరూ "ఒకామె"నే. ఒకామెకు తలనిండా పేలు, ఇయ్యాల ఆదివారమంతా దువ్విన. ఒకామె ఉత్తరం రాయించుకున్నది, చివరికి సంతకం తనే చేస్తనని మొండికేసింది, గందుకే గ, ల అచ్చరాలు దిద్దిపిస్తున్న. చిన్నపిల్లలున్న తల్లులు వాళ్లను లోపల తమ దగ్గరే ఉంచుకోవచ్చు కాబట్టి, నాకు పొట్టివైన గౌన్లన్నీ జైలుకు పోయేవి. సద్దుల బతుకమ్మ నాడు కావాలని డ్యూటీ వేయించుకునేది. ఇందల్వాయి అడవి నుంచి తంగేడు, గునుగు పూలు బస్తాలో తెప్పించి లోపలి ఆడవాళ్లతో బతుకమ్మ పేర్పించేది. నేను కొత్త లంగా కట్టుకుని రుక్మాబాయి చెయ్యి పట్టుకుని ఆడేదాన్ని. "నీకు నాకంటె గా ఖైదీలే ఎక్కువ" అని ఒకసారి అన్నాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. "నీకు రుక్మాబాయి ఉన్నది గదనే. వాళ్లకు ఎవలున్నరు?" అంది. నాకది జవాబులా అనిపించలేదు. మూతి ముడుచుకుని అన్నం మానేశాను.

ఏం చేసిందని జైలుకు వచ్చింది అని అడిగితే మాత్రం కోపమొచ్చేది.

"గది కోర్టు చూసుకుంటది. నేను తాళం, తలుపు, మనిషి పాణం చూసుకుంట. గింతే."

ఆమెకు జైలు పక్కనే క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, నల్లా, ముందు జాగా. ఆ గోడల పక్కన నేనుండనని నేనే గొడవ చేశాను. అందుకని అర్సపల్లిలో రుక్మాబాయి ఇంటి వెనుక గదిలోనే అద్దెకు ఉండిపోయాం. రుక్మాబాయి మరాఠీ మనిషి, బీడీలు చేసేది. అవ్వ డ్యూటీలో ఉన్న వేళల్లో నేను ఆమె అరుగు మీదే పెరిగాను. ఒళ్లో చాట, తడిపిన తునికాకు, తంబాకు వాసన, అదీ నా చిన్నతనం. ఆరో తరగతికి వేరే బడిలో చేరేటప్పుడు ఫారం నేనే నింపాను. తల్లి వృత్తి అన్న చోట "బీడీ కార్మికురాలు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. క్లాసులో సగం మంది అమ్మలు బీడీలు చేసేవాళ్లే. ఆ మాట రాస్తే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

అవ్వ ఫారం చదివింది. నా ముఖం చూసింది. కింద సంతకం పెట్టింది.

"బీడీలు చేసుడు తక్కువ పనేం గాదు తియ్. గని నాకు రాదు గదనే," అంది.

రాదన్నది ఎంత నిజమో కొన్నాళ్లకే బయటపడింది. నవత అనే స్నేహితురాలు మా ఇంటికి వస్తానంది. నేను వారం ముందు నుంచీ ముఖం మాడ్చుకుని తిరుగుతుంటే అవ్వ కనిపెట్టింది. నవత వచ్చిన రోజున మా అవ్వ రుక్మాబాయి పక్కన అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చెప్పలేదు, అడగలేదు. తనే కూర్చుంది. నాలుగు రోజులుగా డ్యూటీ దిగి వచ్చాక నేర్చుకుంటోందని తర్వాత తెలిసింది. "అగ, గట్ల గాదు, ఆకు చినుగుతది" అని రుక్మాబాయి పళ్లు బిగించి గొణుగుతోంది. తాళాలు తిప్పి తిప్పి మొద్దుబారిన అవ్వ వేళ్లలో తునికాకు నిలబడటం లేదు. ఒక బీడీ లావు, ఒక బీడీ సన్నం, ఒకదానికి మూతే లేదు. నవత వాళ్ల అమ్మది నిజంగా బీడీల పనే. ఆ పిల్ల చాటలోకి తొంగి చూసి, పాపం మంచి మనసుతోనే అంది:

"అవ్వా, గిట్ల చేస్తే కార్ఖానాల ఏరి పడేస్తరు."

"చేతులు నొస్తున్నయి బిడ్డా," అంది మా అవ్వ.

నవత వెళ్లిపోయాక ఆ బీడీలన్నీ విప్పి, తంబాకు మళ్లీ రుక్మాబాయి చాటలో పోసింది. అప్పుడు నాకు సిగ్గేసిందా అంటే, వేసింది. కానీ నా మీద కాదు. ఇంత చిన్న పని కూడా సరిగా రానందుకు ఆమె మీద. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఇద్దరం కూరగాయల మార్కెట్‌కు వెళ్లాం. ఎదురుగా ఒక పెద్దావిడా, వెనుక ఒక కోడలు పిల్లా వస్తున్నారు. ఆ పిల్లను చూడగానే అవ్వ చటుక్కున ముఖం తిప్పేసి ఉల్లిగడ్డల కుప్ప మీదికి వంగింది. వాళ్లు దాటిపోయేదాకా ఉల్లిగడ్డలు ఏరుతూనే ఉంది. ఎవరే అని అడిగాను.

"మన దగ్గర ఏడాదిన్నర ఉండె. బయట కనవడితే మనం ముందుగాల పలకరియ్యొద్దు. వాళ్లు పలకరిస్తే పలకాలె. లేకుంటే ఎరుక లేనట్టే పోవాలె."

"ఎందుకు?"

"పక్కన అత్త ఉన్నది, సూడలేదా? ఈమె నీకెట్ల ఎరుక అని అడిగితే పిల్ల ఏం చెప్పాలె? నా మొకం సూస్తెనే జైలు యాదికొస్తది. గా బాధ వాళ్లకెందుకు?"

ఇది రూల్సు పుస్తకంలో ఉన్నది కాదు. ఆమె పెట్టుకున్నది. ఊళ్లో సగం మందిని తెలిసీ తెలియనట్టు తిరిగేది కాబట్టి, మా బంధువుల్లో ఆమెకు తలబిరుసని పేరు.

నేను టీచరునయ్యాను. పెళ్లయి బోధన్‌లో కాపురం, అక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం. మా ఆయన మహేష్‌కూ, వాళ్లింటివాళ్లకూ అవ్వ ఉద్యోగం సంగతి మొదటి నుంచీ తెలుసు. వాళ్లకదొక విషయమే కాలేదు. బడిలో మాత్రం చేరిన వారంలోనే హెడ్‌మిస్ట్రెస్ పుష్పలత మేడం అడిగింది, మీ అమ్మగారేం చేస్తారని. నాలుక చివర ఉన్న మాటే వచ్చేసింది: బీడీలు చేస్తది. "అయ్యో, అంత కష్టపడి చదివించిందా" అంది మేడం. ఆ మెచ్చుకోలు నాకు తియ్యగా తగిలింది. ఒకసారి తగిలాక వదిలించుకోవడం చేతకాలేదు. ఏటా పిల్లలతో "మా అమ్మ" వ్యాసం రాయించి, అమ్మ చేసే పని గురించి నాలుగు వాక్యాలైనా రాయాలని ఎర్ర సిరాతో దిద్దే మనిషిని నేను. "చెప్పేస్తె అయిపోతది గదా" అని మహేష్ ఎన్నిసార్లు అన్నాడో. చెబుదాంలే అనుకుంటూనే ఏళ్లు గడిపాను.

ఆ తర్వాత బోధన్‌లో ఒక జాతర జరిగింది. జైలు శాఖ వాళ్లు ఖైదీలు చేసిన వస్తువులతో అక్కడ ఒక స్టాలు పెట్టారు. సబ్బులు, తివాచీలు, చెక్క బెంచీలు, ఫినాయిల్. బడికి బెంచీలు చూద్దామని పుష్పలత మేడం, లెక్కల టీచర్ తారాబాయి, నేను వెళ్లాం. బల్ల వెనుక ఖాకీ చీరలో మా అవ్వ ఉంది. ఆ పొద్దున్నే ఎవరో సెలవు పెడితే ఈమెను పంపారట.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆమె నన్ను చూసింది. నా పక్కన ఉన్న ఇద్దరినీ చూసింది. ఒక్క క్షణం. ఆ తర్వాత ఆమె ముఖంలో నేనెవరో తెలిసిన గుర్తే లేదు.

"ఏం గావాలె మేడం?" అని నన్నడిగింది.

నన్ను. ఆమె కన్న బిడ్డను.

నేను ఫినాయిల్ సీసా చేతిలోకి తీసుకున్నాను. "ఇది మంచిగుంటదా?" అన్నాను.

"మంచిగుంటది మేడం. మా దగ్గరి ఆడోళ్లే చేసిండ్రు."

పుష్పలత మేడం మాటకారి. ఊరుకోలేదు. "జైల్ల ఉండుడు భయం గాదామ్మా మీకు?" అని మొదలుపెట్టింది.

"అలవాటైపోయింది మేడం."

"పిల్లలెంతమంది?"

"ఒక్క బిడ్డ."

"ఏం చేస్తది?"

అవ్వ సీసాలు సర్దుతూ, తలెత్తకుండా చెప్పింది: "దూరం ఇచ్చిన మేడం."

దూరమెంత? నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సులో గంట కూడా పట్టదు. అప్పటికి ఆమెకూ నాకూ మధ్య బల్ల ఒక్కటే అడ్డం. "మా అవ్వ" అని రెండు మాటలు అనడానికి నాకంత సేపు సమయముంది. మేడం బెంచీలు తట్టి చూసింది, తారాబాయి తివాచీలు విప్పించింది, సబ్బులు వాసన చూశారు. నేను ఫినాయిల్ సీసా పట్టుకుని నిలబడ్డాను. చివరికి దానికే డబ్బులిచ్చాను. తిరిగి వస్తుంటే తారాబాయి, "ఆమె మొకం మంచిగ కళగున్నది" అంది. అవునన్నాను.

ఆ వారమంతా ఆమె ఫోన్ చేస్తుందని, తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆదివారం నేనే వెళ్లాను. ఎప్పటిలాగే చేపల పులుసు పెట్టింది. నా పళ్లెంలో ముక్కలు వేస్తూ మామూలుగా అడిగింది:

"ఫినాయిల్ పని చేస్తున్నదా?"

"చేస్తున్నదే."

"మనసు పెట్టి చేసిండ్రు పాపం."

అంతే. విడుదలైన ఆడవాళ్లకు రోడ్డు మీద ఏ మర్యాద చేసేదో, అదే మర్యాద నాకూ చేసింది. వాళ్లు జైలును దాచుకునేవాళ్లు. నేను ఆమెను దాచుకున్నాను. తల కొట్టేసినట్టయి, చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. లోపలి నుంచి, పులుసు చల్లారుతున్నదే అని పిలిచింది.

ఆమె రిటైర్మెంటుకు ఆరు నెలలుందనగా నేనొక నిర్ణయానికి వచ్చాను. ఆ రోజున మా బడి వాళ్లందరినీ తీసుకొచ్చి, అందరి ముందూ దండ వేస్తానని అవ్వతో చెప్పాను.

"ఏమని పిలుస్తవే? బీడీలు చేసెటామె రిటైర్ అయితున్నదనా?" అని కడుపుబ్బ నవ్వింది.

"నిజమే చెప్త."

నవ్వు ఆపి నన్ను చూసింది. "సరే. మంచి చీర కొనుక్కుంట," అంది. కొనుక్కుంది కూడా. నెమలి కంఠం రంగుది. ఇంకా నలభై రోజులుందనగా ఒక ఉదయం డ్యూటీకి సంచి సర్దుకుంటూనే కుప్పకూలింది. గుండె. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. ఆ చీర కట్టే పంపాం.

అంత్యక్రియలకు జైలు వాళ్లు వచ్చి వెళ్లారు. ఆ రోజు బడిలో పరీక్షలు కావడంతో మా బడివాళ్లెవరూ రాలేకపోయారు. పదో రోజు దినాలకు వస్తామన్నారు. అయితే దినాల నాడే చెప్పాలనుకున్నాను. ఖాకీ చీరలో ఉన్న ఆమె ఫోటో ఒకటి వెతికి పెద్దది చేయించాను. బడి వాళ్లు వచ్చి కూర్చున్నాక దాన్ని నా చేతులతో తెచ్చి కుర్చీలో పెట్టి, ఈమె మా అవ్వ, మనం ఈమె దగ్గరే ఫినాయిల్ కొన్నాం అని చెప్పాలి. వాళ్ల ముందు ఎంత చులకనైనా సరే. ఆ పది రోజులూ ఆ నాలుగు మాటలే లోలోపల వల్లించుకున్నాను.

పుష్పలత మేడం, తారాబాయి, ఇంకో ఆరుగురు తుఫాన్ జీపులో వచ్చారు. రుక్మాబాయి వాళ్లకు చాప పరిచింది. నేను లోపలి గదిలోకి వెళ్లి ఫోటో మీద కప్పిన తువ్వాలు తీశాను. సరిగ్గా అప్పుడే పెరటి తలుపు దగ్గర అలికిడైంది. చూస్తే మా బడి ఆయా. ఇక్కడ ఆమెను శ్యామలమ్మ అంటాను. నాలుగేళ్లుగా మా బడిలో గంట కొట్టేది, చిన్నపిల్లల ముక్కులు తుడిచేది ఆమే. మేడం వాళ్లతో బండిలో రాలేదు. బస్సులో ఒక్కతే వచ్చింది. నన్ను దాటుకుని వచ్చి, ఆ ఖాకీ ఫోటో ముందు నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"శ్యామలమ్మా, మా అవ్వ నీకు..."

"రెండేండ్లు గోదావరక్క చేతికిందనే ఉన్న టీచరమ్మా," అంది గుసగుసగా. "కేసు కొట్టేసినంక ఏడ పని దొరకలే. మీ బడిల ఆయా గావాలని మీరు ఇంట్ల అన్నరట. అక్కనే నన్ను తోలింది. మా బిడ్డకు నీ ముచ్చట చెప్పను, నువ్వు గూడ నా ముచ్చట చెప్పకు అన్నది."

నాలుగేళ్లు. రోజూ నాకు టీ గ్లాసు అందించేది. పక్క కుర్చీలో తారాబాయితో నేను మా అవ్వ బీడీల కష్టం చెబుతుంటే విన్నది. ఒక్కసారి కూడా కనురెప్ప కదపలేదు.

నేను ఏమీ అనకముందే మాటల చప్పుడు విని పుష్పలత మేడం గడప దాకా వచ్చింది. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను. ఫోటో నా వెనుక ఉంది.

"అరె, శ్యామలమ్మా! నువ్వేంది ఇక్కడ? ఈ అమ్మ నీకెట్ల ఎరుక?"

శ్యామలమ్మ నా వైపు చూసింది. ఆమెకు పెళ్లికి వచ్చిన కూతురుంది, మా బడి పక్క సందులో గది ఉంది, ఈ ఉద్యోగం ఉంది. ఫోటో బయటికి తీసుకుపోయి నిజం చెబితే చాలు, వార్డర్‌కూ ఆయాకూ పరిచయం ఎక్కడిదో తెలుసుకోవడానికి ఎవరికీ అర నిమిషం పట్టదు. పది రోజులుగా వల్లించుకున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి.

"మా అవ్వతోని బీడీలు చేసింది మేడం," అన్నాను.

"అట్లనా," అంది మేడం. శ్యామలమ్మ భుజం తట్టి బయటికి తీసుకెళ్లి చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను వెనక్కి తిరిగి ఖాకీ ఫోటోను గోడ వైపు తిప్పి, పాత చీర ఫోటో ఒకటి తెచ్చి కుర్చీలో పెట్టాను. రుక్మాబాయి ఫోటో వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

అది సరైన పనే. అవ్వ ఉన్నా అదే చేసేది, అందులో నాకు అనుమానం లేదు. కానీ సరైన పని చేశానన్న తృప్తి ఒక్క పూట కూడా దక్కలేదు. ఇన్నేళ్లూ నిజం చెప్పడానికి నాకే అడ్డమూ లేదు, నా పిరికితనం తప్ప. తీరా నోరు తెరిచిన రోజున, చెబితే ఇంకో మనిషి బతుకు చెడిపోతుంది. శ్యామలమ్మ ఆ బడిలో ఉన్నన్నాళ్లూ నేను చెప్పలేను.

సోమవారం ప్రార్థన సమయంలో పుష్పలత మేడం మైకు అందుకుంది. మన తెలుగు టీచర్ గారి అమ్మ గోదావరమ్మ రాత్రింబవళ్లు బీడీలు చుట్టి, వేళ్లు పగిలిపోయినా ఆగకుండా బిడ్డను టీచర్ని చేసింది, అలాంటి తల్లులకు మనం దండం పెట్టాలి అని చెప్పింది. నాలుగు వందల మంది పిల్లలు తలలు వంచి రెండు నిమిషాలు నిలబడ్డారు. ఆ దండమంతా జీవితంలో నాలుగంటే నాలుగు రోజులు, అదీ నా పరువు కోసం, చేతకాక చేతకాక చుట్టిన బీడీలకు. ఆమె పేలు దువ్విన తలలకు, దిద్దించిన సంతకాలకు, మోసుకుపోయిన పూల బస్తాలకు కాదు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. మేడం నా కన్నీళ్లు చూసి ఇంకాస్త గట్టిగా మాట్లాడింది. గంట దగ్గర శ్యామలమ్మ తల వంచుకుని నిలబడి ఉంది.

మూడు వారాల తర్వాత ఇది రాయడం మొదలుపెట్టాను. ఒక్క చోటైనా ఆమె ఎవరో ఉన్నదున్నట్టు ఉండాలనుకున్నాను. రాస్తూ రాస్తూ బడి పేరు తీసేశాను. మేడం పేరు, తారాబాయి పేరు మార్చాను. శ్యామలమ్మ పేరు ఎలాగూ మార్చాలి. అయినా మా అవ్వ అసలు పేరు ఉంటే మా బడివాళ్లలో ఎవరు చదివినా ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకుంటే శ్యామలమ్మ దాకా వస్తారు.

అందుకని ఆమె పేరు కూడా మార్చాను. మా అవ్వ పేరు గోదావరి కాదు.